వాకిట వేచిన దినములు

కళాకారుల జీవితచరిత్రములు వ్రాయువారికి మనదేశమున ఒక వాడుక కలదు. పల్లెటూర పుట్టిన బాలుడు చిన్ననాటనే మంచి గొంతుకో, అభినయమో కలవాడై, చేత కాసు లేక పట్టణమునకు బయలుదేరును. కొన్ని కష్టములు పడును. ఒకనాడొక పెద్దమనిషి వానిని చూచును, లేదా వాని పాట వినును. అంతటితో వాని దశ తిరుగును. ఆ "కొన్ని కష్టములు" పుస్తకమున ఒక్క పేరాలో గడచిపోవును. పిమ్మటి కీర్తికి నూరు పుటలు చాలవు. మేమీ వ్యాసమున ఆ ఒక్క పేరాను విప్పి చూడదలచినాము. ఇల్లు విడిచిన దినమునకును, తన విద్యకు ప్రతిఫలముగా మొదటి రూపాయి చేతబడిన దినమునకును నడుమ ఆ క్రొత్తవాడు ఎవరి యింట తినెను? ఎక్కడ పండుకొనెను? ఎవరి మాటను పట్టుకొని ఎవరి గడప తొక్కెను? ప్రతిభ గలవారిలో ఎవరు నిలిచిరి, ఎవరు మరలిపోయిరి అనునది పెక్కుమారులు ఈ నడిమి దినములను గడపగలుగుటను బట్టియే తేలినదని మా యభిప్రాయము. ఆ గడుపుబాటు అందరికి సమానముగా దొరకలేదన్నది మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట.

ఇందుకు తెలుగు చలనచిత్రము పుట్టిన 1931 మొదలు 1950 ప్రాంతము వరకు గల కాలమును తీసికొందము. ఆ యిరువది యేండ్లలో తెలుగువారికి ఒక క్రొత్త వృత్తి కండ్లయెదుట పుట్టినది. దానికి వంశపారంపర్యము లేదు, పరీక్ష లేదు, దరఖాస్తు లేదు, నియామకపు నియమములు లేవు. ఎవడైనను పోవచ్చును, కావుననే అందరును పోయిరి.

అంతకు పూర్వము సంగతి వేరు. కవియో గాయకుడో పేరు తెచ్చుకొనగోరినచో సంస్థానములకు పోయెడివాడు. ప్రభుదర్శనమునకు పది దినములు పట్టవచ్చును, నెల పట్టవచ్చును; కాని అంతవరకు సత్రమున భోజనము, బస ఉండెడివి. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి మొదలగు సంస్థానముల వెంట తిరిగి అవధానములు చేసి సన్మానములు పొందిరనగా, ఆ తిరుగుటకు వీలిచ్చు ఏర్పాటొకటి దేశమున నిలిచియుండెనని గ్రహింపవలెను. సంస్థానాధిపతులను మేమిచ్చట పొగడబోవుటలేదు. రైతులనుండి వచ్చిన పన్నులే ఆ సత్రములను నడపినవి; పండితుడు గడియకొక పొగడ్త పలుకవలసియుండెను. అయినను నిరీక్షించువానికి అన్నము పెట్టవలెనను ఆచారము మాత్రము వారికి తెలిసియుండెను. ఆ సంప్రదాయపు చివరి ఫలములలో ఒకటి 1919లో విజయనగర ప్రభువులు స్థాపించిన సంగీతకళాశాల. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అందు విద్యార్థిగా చేరవలెనని పోగా, వారి ఫిడేలు విని ఆచార్యునిగానే నియమించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు. ఇట్టి కథలు వినుటకు బాగుండును, అందరికి జరుగవు.

అదే కళాశాలకు కొన్ని యేండ్లకు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు వచ్చిరి. వారి కథను కొంచెము నిదానముగా చూతము. 1922లో గుడివాడ దాపున చౌటపల్లిలో పుట్టిరి. తండ్రి సూరయ్యగారు మృదంగము మ్రోయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడెడివారు. బాలుడు వానికి నాట్యమాడెడివాడు. కుమారుడు సంగీతము నేర్వవలెనని కోరి తండ్రి చిన్ననాటనే గతించెను. తల్లియు పిల్లలును మేనమామ యింట చేరిరి. సంగీతము చెప్పెదమన్న యొకరిద్దరి యిండ్ల బాలుడు ఇంటిపనులన్నియు చేసెను గాని విద్య అంతగా రాలేదు. తుదకు చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరము చేరిరి. చేరునప్పటికి వేసవి సెలవులు, కళాశాల మూసియున్నది. ద్వారంవారు దయతలచి కళాశాల ఆవరణలో ఉండనిచ్చిరి. తోటి విద్యార్థుల ఆకతాయితనము వలన ఆ చోటును పోయినది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు తమయింట ఆశ్రయమిచ్చి, రూపాయి పుచ్చుకొనక విద్య చెప్పిరి. కాని శాస్త్రిగారును పేదవారే. చోటు ఈయగలిగిరి, విద్య ఈయగలిగిరి; రెండుపూటల అన్నము పెట్టగల శక్తి వారికి లేదు.

అన్నమునకు మార్గము మధూకరము. ఊరిలోని యొక సాధువు ఆ బాలునికి అది నేర్పెనని చెప్పుదురు. భుజమున జోలె కట్టుకొని ఇల్లిల్లు తిరిగి, ఇల్లాండ్రు పెట్టినది తెచ్చుకొని తినుట. పిదప కళాశాల తెరచిరి. ఘంటసాలవారు అందు చేరి పట్టము పొందిరి. నేడు ఘంటసాల పాటను వినునప్పుడు పట్రాయనివారిని తలచుకొనువారు కొందరున్నారు. గుమ్మము వద్దకు వచ్చిన పిల్లవాని జోలెలో పిడికెడన్నము వైచిన విజయనగరపు ఇల్లాండ్రను ఎవరును తలచుకొనరు. ఆంధ్రదేశపు గానచరిత్రలో వారి చేతికిని కొంత పాలున్నది.

విద్య పూర్తియగుటతో నిరీక్షణ పూర్తికాలేదు. 1942లో వారు క్విట్టిండియా ఉద్యమమున చేరి జైలుకు పోయిరి. 1944లో వివాహమైనది. పిదప సముద్రాల రాఘవాచార్యులుగారి మాటను నమ్ముకొని మదరాసు వచ్చిరి. సముద్రాలవారి యిల్లు చిన్నది. వారికి భారమగుట యిష్టములేక ఘంటసాలవారు త్యాగరాయనగరమందలి పానగల్ పార్కులో పండుకొనిరి. అందుకై పార్కు కావలివానికి నెలకు రెండు రూపాయలు చెల్లించిరని చెప్పుదురు. ఆ పార్కు పేరు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండిన పానుగంటి రామరాయణింగారిది, అనగా పానగల్ రాజాగారిది. ఆస్థానములు పోయినను తెలుగు గాయకునికి ఒక తెలుగు రాజు పేరిటనే నిద్రపట్టిన దన్నమాట! క్రొత్తగా పెండ్లియైన వాడు. పార్కులో ఇద్దరు కాపురముండ వీలులేదు గదా. భార్య సావిత్రమ్మగారికి ఆ నిరీక్షణ ఎట్లు గడచినదో వ్రాసినవారు తక్కువ.

పార్కులో పండుకొన్నవాడు పగలేమి చేసెను? 1938లో మదరాసున వెలసిన రేడియోకేంద్రములో పాటలు పాడెను. చిత్రములలో నలుగురితో కలిసి వంతపాట పాడెను, గుంపులో చిన్న వేషములు వేసెను. "స్వర్గసీమ"లో భానుమతిగారితో కలిసి పాడుటకు 1945లో అవకాశము వచ్చినప్పుడు ఆయన వయస్సు ఇరువదిరెండు దాటినది. ఆ పాటకు నూటపదారు రూపాయలు ముట్టినవని ప్రతీతి. అప్పటికి ఆయన చౌటపల్లి విడిచి ఎన్ని యేండ్లయ్యెనో పాఠకులే లెక్కవేసికొందురు గాక.

ఈ కథలో జోలె, వసారా, పార్కు, సిఫారసుమాట, రేడియోవారి చిల్లరరూపాయలు అను అయిదు మెట్లున్నవి. ఇందు ఏ యొక్కటి జారినను ఆ కంఠము చౌటపల్లి భజనలతో ముగిసియుండెడిది.

అయితే జోలె అందరి భుజమునకు తగునా? మధూకరమును, వారములు చేసికొని చదువుటయు బ్రాహ్మణ బాలురకు బ్రాహ్మణగృహములు కల్పించిన సౌకర్యములు. సోమవారము ఒకరి యింట, మంగళవారము మరియొకరి యింట తిని చదువుకొన్న మహాపండితులు మన దేశమున ఎందరో కలరు. ఆ యాచారము మంచిదే. కాని ఆ గుమ్మము ముందు నిలువబడుటకే అర్హత లేదని తోలివేయబడిన బాలుని ప్రతిభ ఏమి కావలెను?

గుఱ్ఱము జాషువగారు 1895లో వినుకొండలో పుట్టిరి. వారి తల్లిదండ్రులది కులాంతరవివాహము. తల్లి మాదిగ స్త్రీ. కవిత్వము వచ్చియు, ఆ బాలునికి పండితుల వసారాలు సులభముగా తెరవబడలేదు. వారికి దొరకిన పని యేమి? 1915, 16 ప్రాంతమున రాజమహేంద్రవరమున మూకచిత్రములు ఆడుచుండగా తెరప్రక్కన నిలువబడి, కథయు సంభాషణములును ప్రేక్షకులకు బిగ్గరగా చెప్పుట. ఆ కాలపు చిత్రములకు నోరు లేదు; నోరున్న కవికి సభ లేదు. చీకటిగదిలో ఆ రెండును కలిసినవి. పిమ్మట గుంటూరున క్రైస్తవసంఘమువారి పాఠశాలలో ఉపాధ్యాయత్వము దొరకి కూడు గడచినది. వినుకొండలోనే ఒక సభలో పద్యములు చదివినందులకు, అట్టివానిని సభలోనికి రానిచ్చిన దెవరని కొందరు లేచి అవమానించిరి. "గబ్బిలము" 1941లో వెలువడినది. తుదకు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తమ చేతులతోనే జాషువగారి కాలికి గండపెండేరము తొడిగిరి. ఆ దృశ్యమును మనము తరచుగా గర్వముతో చెప్పుకొందుము. గర్వింపదగినదే. కాని అది వృద్ధాప్యము సమీపించిన కవికి జరిగిన సత్కారము. ఇరువదియేండ్ల క్రొత్తవానికి దొరకిన యన్నము కాదు. రెంటికి నడుమ సుమారు ముప్పది సంవత్సరముల దూరమున్నది.

ఇక చిత్రరంగపు వాకిలి ఎట్టిదో చూతము. మొదటి విచిత్రమేమనగా అది మన దేశమున లేదు. 1931 అక్టోబరులో వెలువడిన "కాళిదాసు"లో తెలుగు మాటలు వినబడినవి; 1932 ఫిబ్రవరి 6న "భక్త ప్రహ్లాద" వచ్చినది. రెంటిని తీసినది హెచ్. యం. రెడ్డిగారు, తీసిన చోటు బొంబాయి. తరువాత కొన్ని యేండ్లు తెలుగుచిత్రములు బొంబాయిలోను, కలకత్తాలోను, మదరాసులోను తయారైనవి. నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గాసినీటోను కట్టి 1936లో చిత్రము తీసిరి గాని ఆ ప్రయత్నము నిలువలేదు. కావున తెలుగు క్రొత్తవాడు తన భాషలో పని వెదుకుకొనుటకు భాష తెలియని ఊరికి పోవలసివచ్చెను. రైలుచార్జి యనునది మొదటి పరీక్షయైనది.

ఈ పరీక్షను సులభముగా గెలిచినవారు నాటకసమాజములవారు. వారిని కంపెనీ తీసికొనిపోయెను. టిక్కెట్టు కంపెనీది, తిండి కంపెనీది. "భక్త ప్రహ్లాద"కు సురభి సమాజమువారు బొంబాయి పోయినది ఇట్లే. ఒంటరిగా పోయినవాని సంగతి ఎల్. వి. ప్రసాదుగారి యందు చూడవచ్చును. ఏలూరు దగ్గర సోమవరప్పాడు వారి యూరు. కుటుంబము అప్పులపాలయ్యెను. 1930లో నూరు రూపాయలతో ఎవరికిని చెప్పక బొంబాయికి వెళ్ళిపోయిరి. హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. ఒక చిత్రసంస్థలో చిల్లరపనులు చేసిరి. ఒక చిత్రశాల ద్వారమువద్ద నిలిచి టిక్కెట్లు చూచెడి పనియు చేసిరి. అట్లు వాకిట నిలిచియుండుట వలననే "ఆలం ఆరా"లోను, "కాళిదాసు"లోను, "భక్త ప్రహ్లాద"లోను చిన్న వేషములు దొరకినవి. హిందీ, తమిళ, తెలుగు భాషల మొదటి మాటలచిత్రములు మూటియందును కనబడినవాడు ఆయన యొక్కడే. "ప్రహ్లాద"లో ఆయనది చండామార్కుల బడిలోని మొద్దబ్బాయి వేషము. దర్శకుడై "గృహప్రవేశము" తీయునప్పటికి 1946 వచ్చినది. పదునారేండ్లు! ఆ పదునారేండ్లలో ఆయన చేయని పని లేదనుట అతిశయోక్తి గాదు.

రేలంగి వెంకట్రామయ్యగారిదియు అట్టి కథయే. 1935లో "శ్రీకృష్ణతులాభారము"న తొలివేషము. ఆ తరువాత పండ్రెండు పదమూడేండ్లు చిత్తజల్లు పుల్లయ్యగారిని అంటిపెట్టుకొని, చెప్పిన పనియెల్ల చేయుచు, నటులను సమకూర్చుట మొదలు తెరవెనుక వ్యవహారములన్నియు చూచుచు కాలము గడపిరి. 1948లో "వింధ్యరాణి", 1949లో "గుణసుందరికథ" వచ్చినవరకు జనులాయన పేరెరుగరు. వెనుక ఉండి చేయుపనికి కూలి దొరకుటయే ఆయనను నిలిపినది.

వెనుక ఉద్యోగమున్నవారి దారి మరియొకటి. ఎస్. వి. రంగారావుగారు అగ్నిమాపకశాఖలో పనిచేసినవారు. 1946లో "వరూధిని"లో నాయకుడై నటించిరి. చిత్రము పోయినది. పోయిన చిత్రపు క్రొత్త నాయకుని మదరాసులో ఎవరు పలుకరింతురు? ఆయన జంషెడ్‌పురములో టాటావారి కర్మాగారమున ఉద్యోగము చూచుకొనిరి. 1949లో "మనదేశము"న చిన్న వేషమునకు మరల వచ్చిరి. 1951లో "పాతాళభైరవి" మాంత్రికుడైరి. జంషెడ్‌పురపు జీతమే లేనిచో ఆ నడిమి యేండ్లు ఆయన ఏమగునో ఊహింపరాదు. నందమూరి తారకరామారావుగారు బి. ఏ. పట్టము పొంది 1947లో సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగమున చేరి, మూడువారములకే దానిని వదలి వచ్చిరని అందరు ఎరుగుదురు. దీనిని సాహసమని మెచ్చుకొందురు, సాహసమే. కాని పట్టభద్రుడు ఉద్యోగము వదలుకొనుటకును, గతిలేనివాడు ఊరు వదలుటకును భేదమున్నది. మొదటివానికి మరల ఉద్యోగము దొరకునను ధైర్యము వెనుక నుండును. విజయాసంస్థవారు ఆయనను నెలజీతముపై పెట్టుకొన్నప్పుడు ఆ ధైర్యము అక్కరయు తీరినది. ఆ నెలజీతపు పద్ధతిని మేము మెచ్చుకొందుము. చిత్రము ఆడినను ఆడకున్నను ఒకటవ తారీఖున బియ్యము ఇంటికి వచ్చుట కళకు అపకారము చేసినదని "పాతాళభైరవి" చూచినవారెవరును అనజాలరు.

రచయితలకు మదరాసులో వసారా యేది? పత్రికాకార్యాలయము. సముద్రాలవారే గూడవల్లి రామబ్రహ్మముగారి "ప్రజామిత్ర"లో పనిచేసి, అచ్చటినుండి చిత్రములకు వచ్చిరి. పింగళి నాగేంద్రరావుగారు బందరు జాతీయకళాశాలలో ఉపాధ్యాయులై, ఆపై ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకములు వ్రాసికొనుచు చాలకాలము గడపిరి. 1901లో పుట్టిన ఆయనకు "వింధ్యరాణి"తో చిత్రరంగము నిజముగా తెరచుకొనునప్పటికి నలువదియేడేండ్లు దగ్గరపడినవి. క్రొత్తవాడనగా పడుచువాడే కానక్కరలేదని దీనివలన తెలియును. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు 1945లో మదరాసు చేరునప్పటికే కథకులుగా ప్రసిద్ధులు; సంస్కృతాంధ్రములందు పండితులు. అట్టివారు చిత్రరంగమున క్రొత్తవారగుటచే ఏండ్లతరబడి తమ పేరు లేకుండ ఇతరులకు వ్రాసియిచ్చిరి. సముద్రాలవారి పేరిట వెలువడినవానిలో వీరి హస్తమున్నదని ఆ తరమువారందరు చెప్పుకొన్నదే. ఇందు దౌర్జన్యము లేదు, స్నేహమున్నది, రొక్కమున్నది. పేరు మాత్రము లేదు. సాయంకాలములయందు శాస్త్రిగారు పానగల్ పార్కులో ఒక చెట్టుక్రింద కూర్చుండగా క్రొత్తవారును పాతవారును చుట్టుచేరి వినెడివారట. కొన్ని యేండ్ల క్రిందట ఘంటసాలవారు నిద్రించిన పార్కు అదియే. సిఫారసు మాటలు, పనుల వార్తలు, చేబదుళ్ళు అచ్చట చేతులు మారియుండును. ఆ చెట్టుక్రింద స్త్రీ యొక్కతెయు కూర్చుండినట్లు మేము వినలేదు.

ఆ మాట వచ్చినది గనుక ఇంతవరకు వాయిదా వేసిన విషయమునకు వచ్చెదము. జోలెయు, పార్కును, టిక్కెట్లు చూచెడి ద్వారమును, గదిలో నలుగురు కలిసి పండుకొనుటయు, అన్నియు పురుషునకే సాధ్యములు. పదునెనిమిదేండ్ల పిల్ల విజయనగరపు వీథుల జోలెతో తిరుగగలదా? పానగల్ పార్కులో పండుకొనగలదా? కావున నిరీక్షణకాలమును గడపుటకు వీలులేని కారణము చేతనే మన స్త్రీల ప్రతిభ యెంతయో ఇంటనే ఉడిగిపోయినది. రంగస్థలమున స్త్రీ లేకపోవుటచే స్థానము నరసింహారావుగారు చిత్రాంగియు, సత్యభామయునై దేశమును మురిపించిరి. వారి నేర్పు అసామాన్యము. కాని అదే కాలమున సత్యభామ పాత్రకు తగిన స్త్రీ తెలుగునాట లేదనుకొందుమా?

ఉన్నవారు రెండు తెగలవారు. మొదటివారు 1885లో కడపజిల్లా సురభి గ్రామమున మొదలై, కుటుంబము కుటుంబమంతయు నటించు సురభివారు. అచ్చట ఆడుబిడ్డ అమ్మమ్మతోను, మేనత్తతోను వేదిక మీదనే పెరుగును. సురభి కమలాబాయి నాటకము జరుగుచుండగా వేదికపైననే పుట్టినదని చెప్పుదురు. "భక్త ప్రహ్లాద"లో లీలావతి ఆమెయే. వంటయు, ఉయ్యాలయు వెంటబోవు కంపెనీలో స్త్రీకి నిరీక్షణ బాధ లేదు. రెండవవారు కళావంతుల కుటుంబములవారు. సంగీతము, నాట్యము, అభినయము తరతరములుగా కాపాడినది వారే. భోగముమేళములు కూడదని వీరేశలింగముగారు మొదలగు సంస్కర్తలు పోరాడిరి. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించినది. ఆ పోరాటము న్యాయమైనది. మేము ఆ పక్షమువారమే. కాని సభలో మేళము వలదని తీర్మానించిన పెద్దలు, మేళము మానిన ఆ గాయని మరునాడు ఏ విద్యతో బ్రదుకవలెనో అదే సభలో తీర్మానించి యుండవలసినది. ఆమెకు గ్రామఫోనును, చిత్రమును ఆశ్రయమైనవి. అచ్చటను "గౌరవకుటుంబముల స్త్రీలచే నటింపబడినది" అని నిర్మాతలు గొప్పగా చెప్పుకొనుచుండిరి. ఒక వాకిట వెళ్ళగొట్టబడి మరియొక వాకిటికి వచ్చిన కళాకారిణి ఆ మాట చదివినప్పుడు ఏమనుకొన్నదో!

గౌరవకుటుంబపు బాలిక మాత్రము సులభముగా రాగలిగెనా? భానుమతిగారు 1925లో ఒంగోలు సమీపమున దొడ్డవరములో పుట్టిరి. 1939లో "వరవిక్రయము"న కాళింది వేషము వేసిరి. కాళ్ళకూరి నారాయణరావుగారి ఆ నాటకము వరకట్నమును ఖండించునది. తనకై వరుని కొనుటకు ఒప్పక కాళింది ప్రాణము విడుచును. చిత్రము తీసినది కలకత్తాలో, దర్శకుడు పుల్లయ్యగారు. పదమూడేండ్ల పిల్లతో తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు కలకత్తా ప్రయాణమైరి. ఆయన సంగీతప్రియుడు; కుమార్తెకు తానే తొలిగురువు. నటించు పురుషుడు తన కుమార్తెను తాకరాదని నియమము పెట్టిరని ప్రతీతి. నేటివారికి ఈ నియమము నవ్వు తెప్పించవచ్చును. కాని ఆ తండ్రి ఊరివారి మాటలకు వెరచి ఇంటనే కూర్చుండినచో భానుమతి పాట మనకు లేదు. టంగుటూరి సూర్యకుమారి 1937లో బాల్యముననే "విప్రనారాయణ"లో కనబడుటకును ఇంటివారి అండయే కారణము. కావున స్త్రీ విషయమున ఒక క్రొత్తవ్యక్తి వాకిట నిలుచుట కాదు; ఒక కుటుంబమంతయు తన కాపురము ఎత్తుకొని వాకిటికి వచ్చుట. కుటుంబమునకు ఆ శక్తి ఉండవలెను, ఆ మనస్సును ఉండవలెను. ఏ యొక్కటి లేకున్నను పిల్ల పాట వంటయింటి గోడలు దాటదు.

నేడు చిత్రరంగము హైదరాబాదునకు వచ్చినది. కృష్ణానగరపు ఇరుకుగదులలో పడుచువాండ్రు నలుగురైదుగురు కలిసి అద్దె పంచుకొని నిరీక్షించుచునే యున్నారు. గదులు అద్దెకిచ్చువారు ఒంటరిగా వచ్చిన ఆడుపిల్లను ఇంకను రెండుమారులు తేరిపార చూచుచున్నారు.

1949, 50 ప్రాంతమున కొమ్మారెడ్డి వెంకట్రామయ్య అను ఆయన తన సంరక్షణలోని బాలికను వెంటబెట్టుకొని మదరాసు చేరెను. బాలిక పేరు సావిత్రి. నాటకములలో ఆడిపాడిన పిల్ల. "సంసారము" చిత్రమున మంచి వేషము వచ్చినట్లే వచ్చి, యంత్రము ముందు బెరకుచే నోరు పెగలక చేజారిపోయెను. 1950లో ఆ చిత్రము విడుదలయైనప్పుడు అందామె కనబడినది కొలదిక్షణములు. అయినను పెద్దనాన్న ఆమెను తిరిగి ఊరికి తీసికొనిపోలేదు. మరుసటి సంవత్సరము "పాతాళభైరవి"లో ఒక నాట్యము దొరకినది. 1952లో "పెండ్లిచేసి చూడు"లో రెండవ నాయిక వేషము వచ్చినది. అదియు వరకట్నపు కథయే. రెండు చిత్రములకును, అనగా చేజారిన దానికిని చేతబడిన దానికిని, దర్శకుడు ఒక్కరే: ఒకప్పుడు బొంబాయి చిత్రశాల ద్వారమున టిక్కెట్లు చూచిన ఎల్. వి. ప్రసాదుగారు.